టెక్నికల్ డైవింగ్‌కు ముందు పునాది కోర్సు: నల్గొండ నుంచి ఎక్కడికి వెళ్లాలి?

స్కూబాలో వినోద డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు. అది దాటినా, పైకి వచ్చే దారిలో డీకంప్రెషన్ (ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవడం) కోసం ఆగాల్సి వచ్చినా టెక్నికల్ డైవింగ్ కిందికే వస్తుంది. అక్కడ ఏది చెడినా గబుక్కున పైకి వచ్చేయడం కుదరదు, నీటిలోనే చక్కబెట్టుకోవాలి. అందుకే ముందు పునాది గట్టిచేసుకుందామని నేనూ, మిర్యాలగూడలో ఉండే మా బావా కోర్సుల వేటలో పడ్డాం.

బావ మొదట సాగర్ పేరే ఎత్తాడు. ఇంటికి దగ్గర, బసకు ఇబ్బంది లేదు, నాగార్జునకొండకు లాంచీలో వెళ్తుంటే ఆ లోతు ఊరిస్తుంది. సముద్రమట్టం నుంచి ఎత్తు పెరిగితే వచ్చే సమస్య కూడా లేదు. జలాశయం నిండు మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. డైవింగ్ లెక్కల్లో ఎత్తుకు సవరణలు 300 మీటర్లు దాటాకే మొదలవుతాయి. సోమశిల దగ్గరి శ్రీశైలం జలాశయానిదీ 885 అడుగులే. అయినా నేను ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా, వెంట డైవింగ్ పడవ లేకుండా డ్యామ్ నీటిలో దిగడం ప్రాణాలతో చెలగాటం. వరదొస్తే బురదనీరు. పైగా ఉప్పునీటికి సరిపోయే బరువులు మంచినీటిలో ఎక్కువైపోతాయి. సాగర్‌కు మ్యూజియం చూడటానికి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి.

అండమాన్ నీళ్లు అద్దంలా ఉంటాయి గానీ ఖర్చు ఎక్కువ. వరుస డైవ్‌ల తర్వాత విమానం ఎక్కాలంటే కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి ఒక రోజు బస అదనంగా పడుతుంది. మురుడేశ్వర్ నుంచి నేత్రాణి దీవికి వెళ్లే పడవల్లో మొదటిసారి దిగేవాళ్లే ఎక్కువ, వానాకాలంలో అవీ ఉండవు. ఆ తీరంలోనే ఒక కేంద్రంలో "మీ దగ్గర ఫెయిలయ్యేవారు ఉంటారా?" అని అడిగాను. "ఎవరూ ఫెయిల్ కారు సార్, కార్డు (కోర్సు పాసైన ధ్రువపత్రం) గ్యారంటీ" అన్నారు. నాకు అక్కడే నమ్మకం పోయింది.

పుదుచ్చేరి మాకు నచ్చింది. సాయంత్రం నల్గొండలో రైలెక్కితే తెల్లవారేసరికి చెన్నై, అక్కడి నుంచి తీరం వెంట బస్సులో దాదాపు 150 కిలోమీటర్లు. సముద్రం రోజుకో తీరుగా ఉంటుంది, నీరు ఎప్పుడూ తేటగా ఉండదు. నేర్చుకోవడానికి అదే మేలని నా అభిప్రాయం. ఆనవాలుగా పగడపు దిబ్బ కనిపించని చోటే చేతిలోని లోతు మీటరును నమ్మడం అలవాటవుతుంది.

అక్కడి శిక్షకుడు సాయంత్రం మమ్మల్ని వీడియో చర్చకు కూర్చోనిచ్చారు. తెర మీద ఒక కుర్రాడు మాస్క్ తీసి మళ్లీ పెట్టుకుంటున్నాడు. ఆ కొద్దిసేపట్లోనే మోకాళ్లు కిందికి జారాయి, చేతులు నీటిని తోడుతున్నాయి, మీటరు మేర పైకి తేలిపోయాడు. శిక్షకుడు వీడియో ఆపి, వెనక్కి తిప్పి, "ఇక్కడ ఊపిరి ఎక్కడ బిగబట్టావు?" అని నెమ్మదిగా అడిగారు. కుర్రాడే తప్పు పట్టుకున్నాడు. డబ్బు పెట్టాల్సింది ఇలాంటి చదువు మీదే.

కోర్సుల విషయానికొస్తే, జీయూఈ, పాడీ, టీడీఐ అనేవి డైవింగ్ శిక్షణ సంస్థలు. వీటిలో జీయూఈ ఫండమెంటల్స్ చాలా కఠినం. ఒక శిక్షకుడికి కొద్దిమందే ఉంటారు, ఉత్తీర్ణతలోనూ వినోద స్థాయి, టెక్నికల్ స్థాయి అని తేడా ఉంది. పాడీ వారి టెక్ 40 నేరుగా టెక్నికల్ మెట్టే. 10 నిమిషాల వరకు డీకంప్రెషన్‌కు అనుమతిస్తుంది, 30 డైవ్‌ల అనుభవం అడుగుతుంది. టీడీఐ వారి ఇంట్రో టు టెక్‌లో డీకంప్రెషన్ ఉండదు. జంట సిలిండర్ల వాల్వులు అందుకోవడం, కదలకుండా తేలడం, గ్యాస్ లెక్క కట్టడం మీదే దృష్టి. మేము దీనికే డబ్బు కట్టాం, ఆ వీడియో చూపించిన శిక్షకుడి దగ్గరే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటువైపు ఈశాన్య రుతుపవనాల వానలు, తేదీలు చూసుకుని వెళ్లండి. గది తీసుకునేటప్పుడు బాల్కనీ, కింద కుళాయి ఉన్నాయో లేదో అడగండి. సూట్లు, రెగ్యులేటర్లు (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరాలు) రోజూ మంచినీటితో కడిగి ఆరేయాలి, కొన్ని లాడ్జీలవారు దానికి ఒప్పుకోరు.