తలకట్టు ఊడొచ్చే అక్షరాల పెట్టె

బజార్లో దొరికే తెలుగు అక్షరాల సెట్లు చాలావరకు కొనక్కర్లేదు. ఒక్కో బిళ్ల మీద ఒక్కో అక్షరం అచ్చేసి పెట్టెలో సర్ది అమ్ముతారు. ఇంగ్లీషుకైతే ఆ పద్ధతి చెల్లుతుంది. తెలుగులో ‘క’కి గుడి పెట్టాలంటే ముందు దాని నెత్తిన తలకట్టు తియ్యాలి. అచ్చేసిన బిళ్ల మీంచి ఎలా తీస్తాం? ‘కల’, ‘వల’ అయ్యాక ఆ సెట్టు అటకెక్కుతుంది.

ఈ పెట్టె చేసినవాళ్లు ఆ సంగతి పట్టుకున్నారు. హల్లులన్నీ తలకట్టు లేకుండా ఒంటిగా కోశారు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, వత్తులు, సున్న అన్నీ విడి ముక్కలు. వెనక పల్చటి అయస్కాంతం రేకు అతికించారు. పెట్టె మూత లోపలి వైపు ఇనప రేకు ఉంది, పదం పేర్చేది దాని మీదే.

న, గ, వ, ర, సున్న, నాలుగు తలకట్లు తీసి మూత మీద పెట్టండి. ఊరికే చూస్తూ ఆలోచిస్తే నగ, వరం, నరం వస్తాయి, తర్వాత బుర్ర ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. వేలితో ‘వ’ని జరిపి సున్న పక్కన పెట్టి, దాని వెనకే ‘గ’ని తోస్తే ‘వంగ’. మళ్లీ కలిపేస్తే ‘రంగ’, ‘నగరం’. జరపకముందు ఇవి తట్టవు. ఒక వరసని మనసులో పట్టుకునే ఇంకో వరస ఊహించడం బరువైన పని. ముక్క జరిపితే ఆ బరువు బల్ల మీదికి పోతుంది, కన్ను చదువుకుంటుంది. పాల్ మాగ్లియో, డేవిడ్ కిర్ష్ అనే పరిశోధకుల బృందం 1999లో స్క్రాబుల్ అనే ఇంగ్లీషు పదాల ఆట ముక్కలతో ఇదే పరీక్షించింది. ముక్కల్ని చేత్తో కదపనిచ్చినప్పుడు జనం ఎక్కువ పదాలు చెప్పారు. కాబట్టి పిల్ల ముక్కల్ని అటూ ఇటూ తోస్తుంటే ‘ఆటలు చాలించి ఆలోచించు’ అనకండి. ఆలోచిస్తున్నది అప్పుడే.

తర్వాత ‘వ’ మీది తలకట్టు తీయించి గుడి పెట్టించండి: ‘రవి’. తలకట్టూ ఉంచి, పైన గుడీ పెట్టే తప్పు పలక మీద తరచూ కనిపిస్తుంది. ఇక్కడ రెండు ముక్కలకీ చోటు ఒక్కటే కాబట్టి, ఒకటి తీస్తేనే రెండోది కూర్చుంటుంది. పెట్టె మొత్తంలో డబ్బులకి తగ్గ సుఖం ఇదే.

ఇక లోపాలు. హల్లులు రెండేసి, వత్తులు ఒక్కొక్కటే ఇచ్చారు. ‘నాన్న’ వస్తాడు, ‘అమ్మమ్మ’ రాదు: మవత్తు రెండు కావాలి. ‘కాకరకాయ’కి ‘క’లు మూడు కావాలి. తెలుగు పిల్లల కోసం పెట్టె చేస్తూ అమ్మమ్మని మర్చిపోవడం ఏమిటో! ఱ, ఌ లాంటివి ఇచ్చిన చెక్కతో ఇంకో రెండు మవత్తులు వచ్చేవి.

పెట్టెతో ఇచ్చిన కాగితంలో చెప్పనివి కొన్ని ఉన్నాయి. ‘వు’కి కొమ్ము కింద తగిలించాలి, పక్కన పెడితే అది ‘మ’లా కనిపిస్తుంది. ‘మొ’, ‘యొ’లకి ఒత్వం ముక్క నెత్తిన పెట్టకూడదు, ఎత్వం పెట్టి పక్కన కొమ్ము చేర్చాలి. త, న, మ, య, ర, ల వత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు కాబట్టి వాటిని వేరే గిన్నెలో పెట్టి, వారానికి ఒకటి చొప్పున బయటికి తీయడం మేలు.

ముక్కలు ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక), లేజర్‌తో కోసినవి. అంచుల మసి మొదట్లో వేళ్లకి అంటుతుంది. పొడిగుడ్డతో తుడవండి, తడిగుడ్డ తగిలితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది, తర్వాత తలకట్టు సరిగ్గా కూర్చోదు. మూత నిలబెడితే వత్తులు జారతాయి, వాటి వెనకున్న అయస్కాంతం చాలదు. మూత బదులు స్టీలు కంచం వాడదామనుకుంటే ముందు ఫ్రిజ్ అయస్కాంతం పెట్టి చూసుకోండి, చాలా స్టీలుకి అంటుకోదు. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో సున్నలు, వత్తులు కింద వదలొద్దు. నోట్లో పెట్టుకునేంత చిన్నవి.

ఒకటి మాత్రం దీన్నించి ఆశించకండి: రాత. ‘అ’ ఎక్కడ మొదలెట్టి ఎటు తిప్పాలో ముక్క చెప్పదు. దానికి అక్షరాభ్యాసం నాటి పళ్లెంలో బియ్యమే నయం, వేలు గీత వెంట పోతుంది. పేర్చిన ప్రతి పదాన్నీ ముక్కలు చెదిరేయకముందే పలక మీద ఒకసారి రాయించండి.

ఐదుకి మూడున్నర. తక్కువపడ్డ వత్తుల కోసం రెండో పెట్టె కొనక్కర్లేదు. ఉన్న ముక్కని శుభలేఖ అట్ట మీద పెట్టి గీసి, కత్తిరించి, పాత అయస్కాంతం స్టిక్కరు వెనక అతికిస్తే సరి. మవత్తుతో మొదలెట్టండి.