పీజీ రీప్యాక్: నడుస్తున్న డేటాబేస్‌ను ఆపకుండా ఉబ్బు తగ్గించే పనిముట్టు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ కార్యాలయాల్లో కూర్చుని అమెరికా డేటాబేస్‌లను చూసుకునే తెలుగువారికి నిర్వహణ పనుల కోసం తీరిక వేళ అంటూ దొరకదు. మనకు తెల్లవారుజామున రెండు గంటలైతే న్యూయార్క్‌లో ఇంకా పనివేళలే. అలాంటి చోట పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద టేబుళ్లు అనవసరపు చోటు ఆక్రమించి ఉబ్బినప్పుడు మా బృందం వాడే ఉచిత పనిముట్టు పీజీ రీప్యాక్.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసను మార్చినప్పుడు పాత ప్రతి అక్కడే ఉండిపోయి కొత్తది పుడుతుంది. ఆటోవాక్యూమ్ అనే, దానంతటదే నడిచే శుభ్రపరిచే ప్రక్రియ ఆ పాత ప్రతులను తీసివేసి ఖాళీ అయిన చోటును మళ్లీ వాడుకోనిస్తుందే గాని, ఫైలు పరిమాణాన్ని సాధారణంగా తగ్గించదు. వాక్యూమ్ ఫుల్ అనే ఆదేశం తగ్గిస్తుంది, కానీ అది ముగిసేవరకు ఆ టేబుల్‌ను చదవడం కూడా కుదరదు. పీజీ రీప్యాక్ పద్ధతి కాపురం ఉంటూనే ఇంటికి సున్నం వేయించుకోవడం లాంటిది: పక్కన కొత్త ప్రతిని కడుతూ, ఈలోగా జరిగే మార్పులను ట్రిగ్గర్ (మార్పు జరగగానే దానంతటదే నడిచే కోడ్) ద్వారా ఒక లాగ్ టేబుల్‌లో రాసుకుని, వాటిని కొత్త ప్రతికి ఎక్కించి, చివరకు పాతదాని స్థానంలో దాన్ని నిలబెడుతుంది. పూర్తి లాక్ (ఇతరులెవరూ టేబుల్‌ను వాడకుండా ఆపడం) మొదట్లోనూ చివర్లోనూ కాసేపు మాత్రమే అవసరమవుతుంది.

అయితే భారం మాయం కాదు, లాక్ మీది నుంచి డిస్క్ మీదికి మారుతుంది. టేబుల్, దాని ఇండెక్స్‌లు (వెతుకులాటను వేగవంతం చేసే సూచికలు) కలిపి ఎంత ఉన్నాయో దానికి సుమారు రెట్టింపు ఖాళీ చోటు ఉండాలి. పుట్టుకొచ్చే వాల్ ఫైళ్ల (మార్పుల చిట్టాల) వల్ల రెప్లికాలు (డేటాబేస్ నకలు సర్వర్లు) వెనకబడవచ్చు. ప్రతి వరుసను విడిగా గుర్తించే ప్రైమరీ కీ గాని, శూన్య విలువలకు తావులేని యూనిక్ ఇండెక్స్ గాని లేని టేబుల్‌పై ఇది పనిచేయదు. నాకు అన్నిటికన్నా నచ్చనిది చివరి లాక్ విషయం: 60 సెకన్లలో లాక్ దొరక్కపోతే, అడ్డుగా ఉన్న క్వెరీలను ఇది బలవంతంగా రద్దు చేస్తుంది, అప్పటికీ కుదరకపోతే ఆ కనెక్షన్లనే తెంచేస్తుంది. చెల్లింపుల వ్యవస్థ మీద ఇలాంటి డిఫాల్ట్ పెట్టడం సాహసమే. అలా రద్దు చేయకుండా, తెంచకుండా ఆపే 'నో కిల్ బ్యాకెండ్' అనే ఆప్షన్ ఇవ్వకుండా దీన్ని నడపవద్దని కొత్తగా చేరినవారికి నేను ముందే చెబుతాను.

దీన్ని తరచుగా వాడవలసి వస్తుంటే లోపం ఆటోవాక్యూమ్ అమరికలో ఉందేమో చూడాలి. టేబుల్‌లో ఎంత వంతు పాత ప్రతులు పేరుకుంటే శుభ్రపరచాలో చెప్పే స్కేల్ ఫ్యాక్టర్ డిఫాల్ట్ 0.2 కాబట్టి, వంద కోట్ల వరుసల టేబుల్‌లో దాదాపు 20 కోట్ల పాత ప్రతులు పేరుకునేదాకా ఆటోవాక్యూమ్ కదలదు. పోస్ట్‌గ్రెస్ 18వ వెర్షన్‌లో దీనికి 10 కోట్ల గరిష్ఠ పరిమితి పెట్టారు గాని, అదీ తక్కువేమీ కాదు. పెద్ద టేబుళ్లకు విడిగా 0.01 వంటి విలువ ఇస్తే శుభ్రపరిచే పని చిన్న చిన్న విడతలుగా సాగి, వినియోగదారులకు అంతగా తెలియదు. ఇక ఇండెక్స్‌లు మాత్రమే ఉబ్బినప్పుడు 12వ వెర్షన్ నుంచి ఉన్న రీఇండెక్స్ కంకరెంట్లీ అనే ఆదేశం సరిపోతుంది, పీజీ రీప్యాక్ జోలికే వెళ్లనక్కరలేదు.