చౌచౌ కుక్కపిల్లను కొంటున్నారా? ముందు దాని నోరు తెరిచి చూడండి

సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో ఒక బ్రీడర్ దగ్గర 38 వేలు పోసి చౌచౌ పిల్లను తెచ్చుకున్నాం. మూడు నెలల పిల్ల అన్నాడు. నాలుక గులాబీ రంగులో ఉందేంటని అడిగితే "పెరిగేకొద్దీ నల్లబడుద్ది మేడమ్" అన్నాడు.

అది సగం నిజం. చౌచౌ పిల్లలు గులాబీ నాలుకతోనే పుడతాయి. కానీ 8 నుంచి 10 వారాలకల్లా రంగు తిరిగిపోతుంది. మూడు నెలల పిల్ల నోరు చూస్తే నేరేడుపళ్లు తిని వచ్చినట్టుండాలి. మా దానికి ఇప్పుడు ఏడు నెలలు, నాలుక అలాగే ఉంది. ఇంకోటి, అసలు చౌచౌకి వెనక కాళ్లు దాదాపు నిటారుగా ఉంటాయి, కర్రకాళ్ల మీద నడిచినట్టు నడుస్తుంది. మాది కుందేలులా గెంతుతుంది! డాక్టరు గారు చూసి స్పిట్జ్ అనే వేరే జాతి కలిసినట్టుందన్నారు.

నన్ను పడగొట్టింది ఆ బ్రీడర్ చెప్పిన కథ. రెండు వేల ఏళ్ల జాతి అన్నాడు. అది అబద్ధమేం కాదు. చైనాలో హాన్ రాజుల కాలం నాటి మట్టిబొమ్మల్లో ఇలాంటి కుక్కలు కనిపిస్తాయి. 2004లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన కూడా దీన్ని బాగా పాత జాతుల్లోనే చేర్చింది. అక్కడ దీన్ని వేటకీ, కాపలాకీ, బండి లాగడానికీ వాడేవారు. చైనావాళ్లు పిలిచేది సోంగ్‌షీ అని, అంటే బొచ్చు సింహం. చౌచౌ అనేది ఇంగ్లీషు వర్తకులు తగిలించిన పేరు.

కానీ "టెడ్డీ బేర్‌లా పిల్లలతో ఆడుకుంటుంది" అన్నాడు చూడండి, అది మాత్రం శుద్ధ అబద్ధం. చౌచౌది పిల్లి స్వభావం. ఇంట్లో ఒకరిద్దరికే దగ్గరవుతుంది, ముద్దు చేస్తే విసుక్కుంటుంది, కొత్తవాళ్లని నమ్మదు. మాది డెలివరీ బాయ్ చేతులు కూడా నాకుతుంది. నాకు అనుమానం మొదలైంది అక్కడే. పైగా అంత దట్టమైన రెండు పొరల బొచ్చుతో మన మే నెల ఎండలు దానికి నరకం. ఆ ముక్క అతను ఎత్తనే లేదు.

కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) జాతి పేపర్లు వారంలో ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. గుర్తింపు కోసం ఒంట్లో పెట్టే మైక్రోచిప్ లేదు. తల్లిని చూపించమంటే ఊళ్లో ఉందని ఫోటో పంపాడు. తల్లిని కళ్లారా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. నాలుక మీద నల్లమచ్చ ఒక్కటే చూసి కూడా మోసపోకండి, వేరే జాతులకీ అలాంటి మచ్చలుంటాయి. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నిబంధనలు ఉన్నాయి, అదీ అడగండి.

ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నిన్న చూస్తే అదే తల్లి ఫోటోతో, ఎర్ర తివాచీ, మెడలో పసుపు బెల్టు, మళ్లీ ప్రకటన పెట్టాడు. ఈసారి రేటు 45 వేలు.