ముప్పై ఏళ్ల వాడకం తర్వాత జురాసిక్ సినిమాలు

ఏ భాగంలో ఏ డైనోసార్ ఉంది, ఎవరు ఎవరిని తరుముతారు అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. 1993 నాటి జురాసిక్ పార్క్‌ను ఇరవై సార్లకు తక్కువ కాకుండా, 2015లో జురాసిక్ వరల్డ్ పేరుతో మళ్లీ మొదలైన వరుసలోని ప్రతి భాగాన్నీ కనీసం రెండేసి సార్లు చూసిన మనిషిగా ఒక్క సంగతే రాస్తాను. అది జంతువు తెర మీదికి రావడానికి ముందు ఉండే ఆలస్యం. మొదటి సినిమాకు నేను దాసుడనయింది దాని వల్లనే, తర్వాతి వాటి మీద నాకున్న కోపమూ దాని గురించే.

1995 వేసవిలో నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో, మేనత్త కూతురి పెళ్లయిన మర్నాడు, మా చిన్నాయన నల్లగొండ నుంచి కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి వాకిట్లో పెట్టించాడు. తెచ్చిన మూడు క్యాసెట్లలో రెండు తెలుగు సినిమాలవి, మూడోది ఇది. మాటలన్నీ ఇంగ్లీషులో ఉండటంతో ఏడో తరగతి పిల్లవాడినైన నాకే కాదు, అక్కడ ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చెట్ల కొసలు మేసే పొడవు మెడ జంతువులు కాసేపు కనిపించి పోయాయి గానీ, క్యాసెట్ అట్ట మీద నోరు తెరుచుకొని ఉన్న పెద్ద జంతువు గంట గడిచినా రాలేదు. ఆడవాళ్లు సగం మంది నిద్ర వస్తోందని లేచి పోయారు. చివరికి వాన మొదలై, ఆగిపోయిన కారులో ముందర పెట్టిన రెండు గ్లాసుల నీళ్లలో సన్నటి వలయాలు లేచాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు, ఉండటమే వార్త. అయినా ఆ చీకట్లో ఒక్కరు కూడా లేవలేదు. "ఆగుండ్రి, వస్తది" అన్నాడు చిన్నాయన. కరెంటు గురించి అన్నాడో, జంతువు గురించి అన్నాడో ఎవరూ అడగలేదు. కొంచెం సేపటికి కొట్టంలో బర్రె ఒకసారి కాలు నేలకేసి కొట్టింది. పిల్లలమంతా ఒక్క పెట్టున కేక పెట్టాము, పెద్దలు నవ్వారు, ఆ నవ్వు ఆగిపోయాక వాకిలి మునుపటి కంటే ఎక్కువ నిశ్శబ్దమయింది. అరగంట తర్వాత కరెంటు వచ్చినప్పుడు చిన్నాయన క్యాసెట్‌ను వెనక్కి తిప్పబోయి అవసరమైన దానికంటే ఎక్కువ తిప్పేశాడు. వానలో తడుస్తున్న మేక దగ్గర నుంచి మళ్లీ చూడవలసి వచ్చింది. చూసిందే చూపిస్తున్నావని ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఈసారి గ్లాసులో నీళ్లు కదిలినప్పుడు, నిద్ర వస్తోందని పోయిన వాళ్లు కూడా వచ్చి గోడకు ఆనుకొని నిలబడి ఉన్నారు.

ఆ నీటి వలయాల కోసం కారు కింది నుంచి గిటార్ తీగ కట్టి మీటారని చాలా ఏళ్లకు చదివాను. సినిమా నిడివి 127 నిమిషాలైతే అందులో డైనోసార్లు కనిపించేది పదిహేను నిమిషాలేనని, సినిమాలకు యంత్ర బొమ్మలు చేసే స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసిన టి-రెక్స్ (అట్ట మీది ఆ పెద్ద జంతువు) యంత్రం కృత్రిమ వానలో నానిపోయి, బరువెక్కి, వణకడం మొదలుపెడితే షాట్‌కూ షాట్‌కూ మధ్య తువ్వాళ్లతో తుడిచి ఆరబెట్టవలసి వచ్చిందని కూడా చదివాను. అంటే జంతువును దాచి ఉంచడం దర్శకుడు స్పీల్‌బర్గ్ నేర్పు మాత్రమే కాదు, కొంత గత్యంతరం లేకపోవడం కూడా. కంప్యూటర్ బొమ్మలతో ఎంతసేపైనా చూపించగలిగిన తర్వాతి వాళ్లకు ఆ ఇబ్బంది లేకుండా పోయింది. నా దృష్టిలో వాళ్లకు జరిగిన నష్టం అదే.

కొత్త భాగాలు నచ్చలేదని ఎవరైనా అంటే, పాత కథనే మళ్లీ చెప్పారు కదా, అందుకే నచ్చలేదు అని కొందరు తేల్చేస్తారు. ఈ మాట నేను ఒప్పుకోను. మా వైపు చిందు భాగవతంలో ప్రహ్లాద చరిత్ర చూసిన వారికి స్తంభంలో నుంచి నరసింహుడు వస్తాడని తెలియకనా? అక్కడ ఇద్దరు మనుషులు తెర పట్టుకొని నిలబడతారు. దాని వెనుక గజ్జెల చప్పుడు, ఒక కేక, తెర అంచు మీదుగా కిరీటం కొన మాత్రం కనిపించి మాయమవుతాయి. తాళం వేగం పెరుగుతుంది. వేషం మాత్రం రాదు. ఏటా అదే కథ, అదే స్తంభం, అయినా చంటిపిల్లలను చంకనెత్తుకొని తెల్లవారే దాకా కూర్చున్న వాళ్లను చూశాను. కథ పాతదైతే ఎవరికీ నష్టం లేదు. తెర తీసేసి, వేషగాణ్ణి ముందే వాకిట్లో నిలబెట్టి, ఇతడే నరసింహుడు అని చూపించి, ఆ తర్వాత స్తంభం పగలగొడితేనే గొడవ.

2015 జూన్‌లో జరిగింది అదే. తొమ్మిదేళ్ల మా అమ్మాయిని తీసుకొని తెలుగులో జురాసిక్ వరల్డ్ చూడటానికి పోయాను. ట్రైలర్‌ను నా ఫోన్‌లో ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. హాల్లో నా చెవి దగ్గర నోరు పెట్టి, "నాయినా, ఇప్పుడు నీళ్లల్ల నుంచి ఎగిరి షార్క్‌ను మింగుతది చూడు" అంది, మింగింది. "ఇప్పుడు హీరో బండి మీద పోతడు, పక్కన చిన్న డైనోసార్లు ఉరుకుతయి" అంది, ఉరికాయి. పిల్ల ఆనందంలో తప్పు లేదు. కానీ సినిమా అంతసేపూ ఆమె వాయిదా చెల్లించిన సరుకును డెలివరీ తీసుకుంటున్నట్టు కూర్చుంది. వేచి చూడటానికి ఆమెకు ఏమీ మిగల్చలేదు.

ఇందులో దర్శకుడి తప్పు కొంతే. కథ పాతదానికి కొనసాగింపే అయినా పని మాత్రం రీబూట్‌దే, అంటే ఆగిపోయిన వరుసను కొత్తవారి కోసం మళ్లీ మొదలుపెట్టడమే, కాబట్టి లెక్కలూ రీబూట్‌వే. కోట్ల డాలర్లు పెట్టిన సినిమా అన్ని దేశాల్లోనూ ఇంచుమించు ఒకే వారం విడుదలై, మొదటి మూడు రోజుల్లోనే హాళ్లు నింపాలి. పేరు చూసి వచ్చే పాతవారూ, బొమ్మ చూసి వచ్చే కొత్తవారూ ఒకేసారి కావాలి. అందుకని పెట్టెలో ఉన్న మంచి సరుకంతా ట్రైలర్‌లోనే దుకాణం ముందర పరుస్తారు. విచిత్రం ఏమిటంటే, మామూలు డైనోసార్లను చూసి జనం ఆశ్చర్యపోవడం లేదు కాబట్టి ఇంకా పెద్దది, ఇంకా పళ్లున్నది తయారుచేయాలన్న మాటను ఆ సినిమాలోని పాత్రల చేతనే చెప్పించారు. నిర్మాతల భయం పాత్రల నోట ఇంత తేటగా బయటపడటం నేను మరో చోట చూడలేదు. 2025 నాటి జురాసిక్ వరల్డ్ రీబర్త్‌లో కూడా జనానికి డైనోసార్ల మీద మోజు తీరిపోయిందనే మొదలుపెట్టారు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. 2015 సినిమా చూసి హాలు నుంచి బయటికి వచ్చిన రోజు నేనే పది మందికి ఫోన్ చేసి తప్పకుండా చూడమన్నాను. పార్కు యజమానిగా మన ఇర్ఫాన్ ఖాన్ కనిపించిన సంతోషం అందులో సగం. టీవీలో రెండోసారి చూసినప్పుడు ఆ సగమే మిగిలింది. అయితే దానిలో ఒక దృశ్యం ఇప్పటికీ నన్ను ఆపుతుంది. గడ్డి మైదానంలో చావుబతుకుల మధ్య పడి ఉన్న పొడవు మెడ అపటోసారస్ తలను హీరో నిమిరే చోట మా అమ్మాయి నా చొక్కా చేతికి కళ్లు తుడుచుకుంది. ఆ తలా మెడా మాత్రం కంప్యూటర్ బొమ్మ కాదని, చేతితో చేసిన యంత్రమని తర్వాత తెలిసింది. అక్కడ కెమెరా ఉరకలేదు. ఒక కన్ను మూతపడేదాకా కూర్చుంది.

వసూళ్లు చూస్తే నా గొణుగుడుకు విలువ లేదనిపిస్తుంది. 2015 సినిమా 160 కోట్ల డాలర్లు దాటింది. 2018లో 130, 2022లో 100 కోట్లకు వచ్చి, 2025లో 90 కోట్లకు లోపే ఆగింది. అంటే ఒక భాగంతో నిరాశపడిన వారు దానికి టికెట్ కొనే ఉంటారు; మానేసేది తర్వాతి దానికి. 2022 నాటి డొమినియన్ గురించి ఎక్కువ చెప్పను. మొదటి సినిమాలోని ముగ్గురు పాత నటులనూ ఒక చోటికి తెచ్చి, కథను మిడతల చుట్టూ తిప్పారు. 2020లో మహారాష్ట్ర దాకా వచ్చిన మిడతల దండు వార్తలు విని రాత్రులు నిద్రపోని రైతులున్న ఊరు మాది. మిడతలతో భయపెట్టడానికి డైనోసార్లు అవసరం లేదు.

రీబర్త్‌లో మాత్రం నేను ఎదురుచూడనిది ఒకటి దొరికింది. ఏటి ఒడ్డున టి-రెక్స్ నిద్రపోతుంటే, దానికి దగ్గర్లోని గాలి పడవను ఒక అమ్మాయి చప్పుడు కాకుండా నీళ్లలోకి లాగాలి. మొదటి సినిమాకు మూలమైన మైకేల్ క్రైటన్ 1990 నవలలో ఉండి, 1993 సినిమాలోకి రాకుండా పోయిన ఘట్టం అది. రెండు సినిమాల రచనలోనూ పాలుపంచుకున్న డేవిడ్ కెప్ ఇన్నేళ్లకు దాన్ని తెర మీదికి తెచ్చాడు. ఆ కొన్ని నిమిషాలు హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగింది. తర్వాత చివరి అరగంటలో వంకర తల రాక్షసి ఒకటి వచ్చి, పళ్లన్నీ చూపించి, ఆ సంతోషాన్ని సగం ఖర్చు చేసింది.

కాబట్టి చూడండి అనాలా, వద్దనాలా అన్నది నేను గట్టిగా చెప్పలేను. ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుంటే 2015 సినిమా పెట్టండి, వాళ్లకు నచ్చుతుంది; మా అమ్మాయికి ఇప్పటికీ అదే అన్నిటికంటే ఇష్టం, నాది వట్టి పాతకాలపు పట్టుదల అని ఆమె అభిప్రాయం. నాకు నచ్చిన దానిలో సినిమా ఎంత, కరెంటు కోత ఎంత, కొట్టంలోని బర్రె ఎంత అని అడిగితే నా దగ్గర లెక్క లేదు. మొన్న దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ఆమెను కూర్చోబెట్టి మొదటి సినిమా పెట్టాను. ఇప్పుడు ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు సాయం దొరకలేదు; గ్లాసులో నీళ్లు కదలగానే నేనే రిమోట్ నొక్కి ఆపి, దాన్ని జేబులో వేసుకొని, టీ పెట్టుకొస్తానని వంటింట్లోకి పోయాను. పాలు పొంగే లోపల రెండుసార్లు పిలిచింది, మూడోసారి రిమోట్ కోసం వంటింటి గడప దాకా వచ్చి చెయ్యి చాపింది.