షుగర్ వైద్యం నేర్పే ఏడాది కోర్సు: ఆదివారం పాఠం, సోమవారం ఓపీ

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దగ్గర ఉన్నారు. ఇంతమందికీ హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజిస్టులు ఎటూ సరిపోరు. వీళ్లలో ఎక్కువమందికి దిక్కు ఊళ్లో ఉన్న ఎంబీబీఎస్ డాక్టరే. ఆ డాక్టర్ల కోసమే పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా, చెన్నైలోని డాక్టర్ మోహన్స్ డయాబెటిస్ ఎడ్యుకేషన్ అకాడమీ కలిసి 2010లో సీసీఈబీడీఎం (సర్టిఫికెట్ కోర్స్ ఇన్ ఎవిడెన్స్ బేస్డ్ డయాబెటిస్ మేనేజ్‌మెంట్) అనే కోర్సు మొదలుపెట్టాయి. పన్నెండు మాడ్యూళ్లు, నెలకో ఆదివారం తరగతి, ఏడాదిలో పూర్తి. చేరదామా వద్దా అని చూస్తున్న డాక్టర్ల కోసమూ, ఇలాంటి శిక్షణ ఏదైనా ఎంచుకునే ఆసుపత్రుల కోసమూ ఈ సమీక్ష.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ సర్టిఫికెట్ వైద్య మండలి గుర్తించే అర్హత కిందికి రాదు. పేరు పక్కన డిగ్రీలా రాసుకోవడానికీ, బోర్డు మీద స్పెషలిస్టు అని వేసుకోవడానికీ పనికిరాదు. ఆ ఆశతో చేరేవాళ్లకు నిరాశ తప్పదు. రోజూ ముప్పై నలభై మంది షుగర్ పేషెంట్లను చూస్తూ, రాసే మందు ఎందుకు రాస్తున్నామో గట్టిగా తెలుసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఇది సరైన చోటు.

నెలకోసారి తరగతి పెట్టడమే ఈ కోర్సుకు పెద్ద బలం. మూడు రోజుల వర్క్‌షాపులో విన్నది నాలుగో రోజుకు సగం మిగలదు. ఇక్కడ ఆదివారం విన్నదాన్ని నాలుగు వారాలు ఓపీలో వాడి చూసి, ఎక్కడ తడబడ్డామో రాసుకుని, తర్వాతి తరగతికి ఆ కేసులతో వెళ్లొచ్చు. ఇలా చేసినవాళ్లకూ, ఖాళీ చేతులతో వెళ్లి స్లైడ్లు ఫొటో తీసుకుని వచ్చినవాళ్లకూ ఏడాది చివర్లో తేడా స్పష్టంగా ఉంటుంది. ఇంకో లాభం, పాఠం చెప్పే నిపుణులతో ఏర్పడే పరిచయం. కష్టమైన కేసును ఎప్పుడు పంపాలో, ఎవరికి పంపాలో తెలుస్తుంది.

ఈ తరహా శిక్షణ ఎక్కువగా బాగుచేసేది ప్రిస్క్రిప్షన్‌నే. మెట్‌ఫార్మిన్ సంగతే చూడండి. క్రియాటినిన్ ఒక్కటి చూసి ఏళ్ల తరబడి అదే డోసు నడిపించే అలవాటు చాలా చోట్ల ఉంది. కిడ్నీల వడపోత వేగం చెప్పే ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే డోసు తగ్గించాలి, 30 కంటే తగ్గితే ఆపేయాలి. కిడ్నీ దెబ్బతిన్న ముసలివాళ్లకు గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఇస్తే షుగర్ పడిపోయి లేవకపోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఎస్‌జీఎల్‌టీ2 మందుల (చక్కెరను మూత్రంలో బయటికి పంపేవి) మేలు షుగర్ అంకెతో ఆగదు. 2020లో ఈ కోవకే చెందిన డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిశాక మామూలు పేషెంటుకూ రాయగలిగే ధరకు వచ్చింది కాబట్టి ఈ పాఠం విలువ ఇంకా పెరిగింది. అయితే ఆ మందు రాసేవాళ్లు ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి. పేషెంటు వాంతులతో, ఆయాసంతో వస్తాడు, షుగర్ చూస్తే 180 ఉంటుంది, గ్యాస్ట్రిక్ అనుకుని ఇంజెక్షన్ చేసి పంపేస్తారు. షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ (రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి తెచ్చే స్థితి) రావచ్చు. కీటోన్లు చూడందే ఆ పేషెంటును ఇంటికి పంపకూడదు. ఆపరేషన్ ఉంటే డాపాగ్లిఫ్లోజిన్, అదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ మూడు రోజుల ముందే ఆపాలి. జ్వరం, విరేచనాలు పట్టుకుని తిండి మానేసిన రోజుల్లోనూ ఆపమని ముందే చెప్పి ఉంచాలి.

రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష విషయంలో మన ప్రాంతపు డాక్టర్లు అదనంగా జాగ్రత్తపడాలి. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం అన్నది పుస్తకంలో మాట. కానీ తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. ఐరన్ లోపంలో ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నా, ఈమధ్యే రక్తం ఎక్కించి ఉన్నా దాన్ని నమ్మలేం, చాలాసార్లు తక్కువగా వస్తుంది. హిమోగ్లోబిన్ చూడకుండా ఏ1సీ ఒక్కదాని మీద మందు పెంచడం, తగ్గించడం రెండూ తప్పే. అనుమానం ఉంటే పరగడుపున 126, గ్లూకోజ్ 75 గ్రాములు తాగిన రెండు గంటలకు 200 అనే పాత కొలతలకే వెళ్లాలి.

ఇంతవరకూ తరగతి గదిలో కూర్చుని నేర్చుకోగలిగేది. చేతిపనిది వేరే దారి. పన్నెండు ఆదివారాల్లో ఎంత చెప్పినా, చేసి చూపించి, చేయించి, సరిదిద్దితే తప్ప చేతికి రాదు. అందులో మొదటిది ఇన్సులిన్ సిరంజి.

మన దగ్గర సీసాలో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. ఇన్సులిన్ పెన్ను కార్ట్‌రిడ్జ్‌లో ఉండేది మిల్లీలీటరుకు 100. సిరంజిలూ రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. మందుల షాపులో ఏది ఉంటే అది చేతిలో పెడతారు. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగలేదని డాక్టరు డోసు పెంచుతూ పోతారు. తర్వాత ఎప్పుడో సరైన సిరంజి దొరికిన రోజు పేషెంటు స్పృహ తప్పుతాడు. తిరగేస్తే ఇంకా ప్రమాదం. పెన్ను పాడైందని కార్ట్‌రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీతకు లాగితే వెళ్లేది 50 యూనిట్లు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే అమ్మానాన్నలతో ఈ పొరపాటుకు ఆస్కారం ఎక్కువ. అక్కడి సీసాలు మిల్లీలీటరుకు 100 యూనిట్లవి. ఇక్కడి ఎర్ర మూత సిరంజితో వాటిని వాడితే రెండున్నర రెట్లు పడుతుంది. ప్రయాణం అనగానే సీసా, సిరంజి రెండూ బల్ల మీద పెట్టించి చూడడం ఒక్కటే దీనికి మందు. చీటీలోనూ డోసు పక్కన "40 సీసా, ఎర్ర మూత" అని తెలుగులో రాయాలి.

మబ్బుగా ఉండే ప్రీమిక్స్ (రెండు రకాలు ముందే కలిపిన) ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందికీ తిప్పాలి. గట్టిగా కుదిపితే బుడగలొచ్చి డోసు తేడా పడుతుంది. పెన్ను అయితే ప్రతిసారీ 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క కనబడ్డాకే డోసు పెట్టాలి. గుచ్చాక బటన్ నొక్కి పది అంకెలు లెక్కపెట్టాలి. 4 మిల్లీమీటర్ల సూది పెద్దవాళ్లలో నిటారుగా గుచ్చితే చాలు. డాక్టర్లు తరచూ వదిలేసేది పొట్ట తడిమి చూడడం. ఒకే చోట గుచ్చితే నొప్పి తెలియదు కాబట్టి పేషెంట్లు అక్కడే గుచ్చుకుంటారు. కొవ్వు గడ్డ కడుతుంది, ఆ గడ్డలోంచి ఇన్సులిన్ సరిగా ఎక్కదు. షుగర్ ఎందుకు ఎగుడుదిగుడు అవుతోందో వేలితో తడిమితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. చోటు మార్చమని చెప్పినప్పుడే డోసు కొంత తగ్గించాలి. మంచి చర్మంలోంచి అదే డోసు బాగా ఎక్కి షుగర్ పడిపోతుంది.

ఇక మన మే నెల ఎండలు. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు ఉంటే దాదాపు నెల పనిచేస్తుంది. రేకుల ఇంట్లో ఆ వేడి ఎప్పుడో దాటిపోతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టాలి, ఫ్రీజర్‌కు ఆనించకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగించినా పనికిరాదు. ఫ్రిజ్ లేనివాళ్లకు మట్టికుండలో తడి ఇసుక పోసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి, నీడలో ఉంచమని చెప్పాలి. ఏ శిక్షణలోనైనా ఈ విషయం ప్రస్తావనకు రాకపోతే లేచి అడగాలి.

షుగర్ పడిపోవడం గురించి 70 కంటే తగ్గితే 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష అని అందరూ నేర్పుతారు. ఒక మెలిక మాత్రం ఎక్కడోగానీ వినబడదు. మన దగ్గర వోగ్లిబోస్ కలిసిన మాత్రలు విరివిగా రాస్తారు. అది వేసుకున్నవాళ్లకు పంచదార నీళ్లు తొందరగా పనిచేయవు, ఎందుకంటే చక్కెరను పేగులో విడగొట్టడాన్నే ఆ మందు ఆపుతుంది. వాళ్ల దగ్గర గ్లూకోజ్ పొడే ఉండాలి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగర్ లేచినట్టే లేచి మళ్లీ పడుతుంది. ముసలివాళ్లయితే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచడం మంచిది. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదన్నది ఇంట్లోవాళ్లకూ నేర్పాలి. ఆత్రంలో అందరూ చేసే పని అదే.

పాదాల పరీక్షకు కావలసిన సామాను చాలా చవక. స్పర్శ చూడడానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం (మోనోఫిలమెంట్), అదురు తెలుస్తోందో చూడడానికి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్. ముందు దారాన్ని చేతి మీద తాకించి అది ఎలా అనిపిస్తుందో చూపించాలి. తర్వాత కళ్లు మూయించి, బొటనవేలి కింద, పాదం ముందు భాగం అడుగున పెట్టి, గుచ్చకుండా దారం వంగేంతవరకు మాత్రమే నొక్కి ఒకటి రెండు సెకన్లలో తీసేయాలి. ఒక్కో చోట మూడుసార్లు అడగాలి, అందులో ఒకసారి తాకించకుండానే అడగాలి. కాయ కట్టిన చోట పెడితే ఎవరికీ తెలియదు, ఆ ఫలితానికి అర్థం లేదు. పది మందికి వాడాక దారం బలం తగ్గుతుంది. ఒక రోజు పక్కన పెట్టాలి, అందుకే రెండు మూడు ఉండాలి. తిమ్మిరి ఉన్నవాళ్లకు ఎండాకాలంలో గుడి ప్రదక్షిణల గురించి తప్పకుండా చెప్పాలి. కాలిన రాయి మీద నడిచి, సాయంత్రం బొబ్బలు చూసుకునేదాకా వాళ్లకు తెలియదు. మందం సాక్సులు వేసుకోమని గానీ, తెల్లవారుజామున వెళ్లమని గానీ చెబితే భక్తికీ అడ్డు రాదు, పాదానికీ రక్షణ.

తిండి పాఠం ఏ కోర్సులోనైనా కొంత మనమే తిరగరాసుకోవాలి. క్యాలరీలు, కార్బోహైడ్రేట్లు అని ఇంగ్లీషులో విన్నది కంచంలోకి దిగాలి. రాత్రి అన్నం మానేసి మూడు చపాతీలు తింటే ఏదో తగ్గించామని అనుకుంటారు, పిండిపదార్థం లెక్కలో పెద్ద తేడా ఉండదు. రాగి మంచిదని పొద్దున్నే పలుచటి జావ తాగుతారు. మెత్తగా పట్టిన పిండిని ఉడికించి జారుగా చేశాక అది షుగర్‌ను గబగబా పెంచుతుంది. అన్నం కొలిచి పెట్టుకోవడం, పప్పూ కూరా పెంచడం, మజ్జిగ నీళ్లతో సరిపెట్టుకోవడం లాంటివి మన ఇళ్లలో నడిచే మార్పులు. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు వైపు పనిచేసేవాళ్లు రంజాన్ గురించి విడిగా చదువుకోవాలి. ఉపవాసాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పేషెంటును పిలిచి మందుల వేళలు మార్చాలి. 70 కంటే తగ్గినా 300 దాటినా రోజా విడవాలి. షుగర్ చూసుకోవడానికి వేలు గుచ్చుకుంటే రోజా భంగం కాదని ముందే చెబితే పరీక్ష మానరు.

సీసీఈబీడీఎం డాక్టర్లది. నర్సులు, గ్రామ క్లినిక్కుల్లోని ఎంఎల్‌హెచ్‌పీలు (మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), ఆశాలు అందులో కూర్చోరు. అది కోర్సు తప్పు కాదు, దాని హద్దు. కానీ పేషెంటుకు సిరంజి పట్టుకోవడం చూపించేది వాళ్లే. అందుకని చేరే డాక్టరు, ప్రతి తరగతి తర్వాత వచ్చే వారంలో ఒక గంట తన సిబ్బందికి అదే పాఠం తెలుగులో చెప్పగలిగితేనే పెట్టిన ఏడాది పూర్తిగా వసూలవుతుంది. చెప్పాక అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు. "పెద్దమ్మా, ఇంటికెళ్లి కోడలికి ఈ సూది సంగతి ఎట్లా చెప్తావో నాకొకసారి చెప్పు" అని అడిగితే ఎక్కడ జారిందో అక్కడే దొరుకుతుంది.

గర్భిణుల షుగర్ మీద ఇవే సంస్థలు విడిగా ఒక చిన్న కోర్సు నడిపాయి. ప్రసవాలు చూసే డాక్టర్లకు అలాంటిదే ఎక్కువ ఉపయోగం.

కోర్సు ముగిసేలోపు ఓపీలో ఒక డబ్బా తయారుచేసుకోవాలి. రెండు మూతల సిరంజిలు, ఖాళీ సీసా ఒకటి, పాత పెన్ను, మోనోఫిలమెంట్లు, ట్యూనింగ్ ఫోర్క్, గ్లూకోజ్ పొడి, కీటోన్ స్ట్రిప్పులు, ఇంట్లో వాడే అన్నం గరిటె. దాన్ని నర్సు బల్ల మీద పెట్టాలి. మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్లే ముందు పేషెంటు ఆఖరున ఆగేది అక్కడే.