డెస్మాస్: లిమిట్‌ను కళ్లకు కట్టే గ్రాఫింగ్ కాల్కులేటర్

కాల్కులస్ నేర్చుకునేవాళ్లలో చాలామంది డెరివేటివ్ (ఒక బిందువు దగ్గర వక్రం వాలు) సూత్రాలు గడగడా అప్పజెప్తారు, లిమిట్ (ఒక విలువ దేనికి చేరువవుతోందో అది) దగ్గరకు వచ్చేసరికి తడబడతారు. ఆ లోటు తీర్చడానికి బ్రౌజర్‌లో ఉచితంగా, లాగిన్ కూడా అడగకుండా నడిచే డెస్మాస్ చాలా మంచి సాధనం. కాకపోతే వాడే పద్ధతి తెలియాలి.

మొదటి వరుసలో ఎఫ్(ఎక్స్) = ఎక్స్² అని కొట్టండి. రెండో వరుసలో ఛేదనరేఖ (వక్రాన్ని రెండు బిందువుల దగ్గర కోసే గీత): వై = ఎఫ్(ఎ) + [(ఎఫ్(ఎ+హెచ్) − ఎఫ్(ఎ)) ÷ హెచ్] × (ఎక్స్ − ఎ). ఎ, హెచ్‌లకు స్లైడర్లు (జరిపి విలువ మార్చే మీటలు) కావాలా అని అదే అడుగుతుంది, సరేననండి. స్లైడర్ మామూలుగా −10 నుంచి 10 దాకా ఉంటుంది. హెచ్‌ని 0 నుంచి 2 మధ్యకు కుదించి, స్టెప్ 0.01 పెట్టండి. ఎ = 1 అనుకుంటే, హెచ్ 1 ఉన్నప్పుడు వాలు 3, 0.1 దగ్గర 2.1, 0.01 దగ్గర 2.01. ఇంకాస్త జరిపి సరిగ్గా 0కి తెస్తే రేఖ మాయమైపోతుంది, 0ని 0తో భాగించమన్నాం మరి! వాలు 2కి చేరువవుతూనే ఉంది, 0 దగ్గర మాత్రం లెక్కే లేదు. లిమిట్ అవసరం ఎందుకు వచ్చిందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. అలాగని హెచ్‌కి 10⁻¹⁶ ఇస్తే వాలు 0 అయిపోయి రేఖ అడ్డంగా పడుకుంటుంది. కంప్యూటర్ దాదాపు 16 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది కాబట్టి, 1కి అంత చిన్న సంఖ్య కలిపినా 1గానే ఉండిపోతుంది.

ఇంటిగ్రల్‌కీ ఇదే దారి. 0 నుంచి 1 వరకు ఎక్స్² కింది వైశాల్యాన్ని కుడి అంచు ఎత్తుతో దీర్ఘచతురస్రాలుగా కోసి కూడితే, 10 ముక్కలకు 0.385, 100 ముక్కలకు 0.33835 వస్తాయి. 1/3 వైపు దిగిరావడం కనిపిస్తుంది. ముక్కల స్లైడర్‌కి స్టెప్ 1 పెట్టడం మరవద్దు.

అసలు లోపం: ఇది అంకెలిస్తుంది, బీజగణితం చేసి చూపదు. డెరివేటివ్ గ్రాఫ్ గీస్తుంది గానీ దాని సూత్రం రాసివ్వదు. చెయిన్ రూల్ (ప్రమేయంలో ప్రమేయం ఉన్నప్పుడు డెరివేటివ్ తీసే సూత్రం) మెట్లు, ఇంటిగ్రల్‌లో వచ్చే స్థిరాంకం ఇక్కడ అలవడవు. పైగా వక్రాన్ని నొక్కగానే గరిష్ఠ, కనిష్ఠ బిందువులు చూపించేస్తుంది. విద్యార్థికి ఇదే చేటు. ఎక్స్³ − 3ఎక్స్ తీసుకుంటే, ముందు కాగితం మీద 3ఎక్స్² − 3 రాబట్టి, −1, 1ల మధ్య వక్రం దిగుతుందని తేల్చి, డెరివేటివ్ బొమ్మ చేత్తో గీయండి. ఆ తర్వాతే ఎఫ్ పక్కన ప్రైమ్ గుర్తు (′) పెట్టి సరిచూసుకోండి. బొమ్మ తేడా వస్తే తప్పు చాలాసార్లు గుర్తుల (ప్లస్, మైనస్) దగ్గరే దొరుకుతుంది.

సైన్ డెరివేటివ్ 0 దగ్గర 1 రాకుండా 0.01745 వస్తోందా? సెట్టింగ్స్‌లో డిగ్రీలు ఎంచుకుని ఉంటారు, రేడియన్లకు మార్చండి. ఫోన్లో కీబోర్డు తెరలో చాలా భాగం తినేస్తుంది, స్లైడర్లతో పని ఉంటే పెద్ద తెర మేలు. గ్రాఫ్ దాచుకోవాలంటే మాత్రం అకౌంట్ తెరవక తప్పదు.