పిస్టల్ రికాయిల్ స్ప్రింగు మార్చాలా? పన్నెండేళ్ల వాడకం తర్వాత నా మాట

నా .32 పిస్టల్ కొని పన్నెండేళ్లు దాటింది. ఎర్రగుంట్ల దగ్గర మాకు బండల గని ఉంది. కూలీల బట్వాడా డబ్బు వారం వారం బ్యాంకు నుంచి నేనే తెస్తాను, అందుకే లైసెన్సు తీసుకున్నాను. ఇన్నేళ్లలో కాల్చినవి 1,100 తూటాల దాకా ఉంటాయి. అన్నీ హైదరాబాద్‌లో రేంజ్‌కు వెళ్లి గురి కాగితం మీద కాల్చినవే. కాల్చినప్పుడు వెనక్కి పోయే స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే లోహపు భాగాన్ని, మళ్లీ ముందుకు తోసేది రికాయిల్ స్ప్రింగు. దాని గురించి లైసెన్సున్న మావాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: కంపెనీ స్ప్రింగు తీసేసి గట్టిది వేయిస్తే మంచిదా? నేను వేయించాను, ఇబ్బంది పడ్డాను, తీయించేశాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2019 ఎన్నికలప్పుడు పిస్టల్‌ను పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. తుప్పు పట్టకూడదని ఇచ్చే ముందు చిక్కటి నూనె దండిగా పట్టించాను. తిరిగి తెచ్చుకున్నాక ఆ నూనె తుడవకుండానే గనికి వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాను. బండలు కోసే చోట దుమ్ము ఎట్లుంటుందో మా కడప జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. చొక్కా మడతల్లోకి, టిఫిన్ డబ్బాలోకి, ఆఖరికి గడియారం అద్దం కిందికి కూడా పోతుంది. అది నూనెలో కలిసి స్లైడ్ గాడుల్లో రుబ్బిన పిండిలా పేరుకుంది. ఆ తర్వాత రేంజ్‌కు వెళ్తే, స్లైడ్ ముందుకు వచ్చి చివర్లో వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయేది. బొటనవేలితో నెడితే గానీ పూర్తిగా మూసుకునేది కాదు.

స్ప్రింగు అలిసిపోయిందని అనుకున్నాను. డీలరు షాపులో అడిగితే గట్టి స్ప్రింగు ఉందన్నారు, కాల్చినప్పుడు చేతికి తగిలే తన్ను కూడా తగ్గుతుందన్నారు. వేయించుకున్నాను.

తర్వాతిసారి 50 తూటాలు కాల్చితే నాలుగు సార్లు జామ్ అయింది. నాలుగూ ఒకటే తీరు. ఖాళీ షెల్ పూర్తిగా బయట పడకుండా స్లైడ్‌కీ బ్యారెల్‌కీ మధ్య నిలువుగా ఇరుక్కుని, మూతి పైకి పెట్టి నిలబడింది. రేంజ్‌లో కాబట్టి తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి నిదానంగా సరిచేసుకున్నాను. అదే డబ్బు సంచితో రోడ్డు మీద ఉన్నప్పుడు జరిగితే? ఆ టెన్షన్‌తో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం తర్వాత అర్థమైంది. మన .32 పిస్టళ్లలో చాలావాటికి బ్యారెల్‌నూ స్లైడ్‌నూ కలిపి బిగించే లాక్ ఉండదు. తూటా పేలినప్పుడు ఖాళీ షెల్ వెనక్కి నెట్టే బలంతోనే స్లైడ్ కదులుతుంది. దాన్ని ఆ క్షణంలో ఆపేది ముఖ్యంగా స్లైడ్ బరువు. స్ప్రింగు అసలు పని దాన్ని మళ్లీ ముందుకు తెచ్చి, ఇంకో తూటాను ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలోకి, ఎక్కించి మూయడం. .32 గుండు బరువు 4.6 గ్రాములే, మందు బలం కూడా అంతంతే. ఆ కొద్ది బలానికి గట్టి స్ప్రింగు ఎదురు నిలిస్తే స్లైడ్ చివరిదాకా వెళ్లదు, షెల్ బయటికి ఎగరదు. తన్ను తగ్గిందా అంటే, నా చేతికి తేడా తెలియలేదు. పైగా స్లైడ్ ముందుకు వచ్చి గట్టిగా కొట్టుకోవడంతో పిస్టల్ మూతి కిందికి వంగేది, రెండో గురి చెదిరేది. మెత్తటి స్ప్రింగు వేసినా నష్టమే, అప్పుడు స్లైడ్ వెనక్కి పోయి ఫ్రేమ్‌ను బాదుతుంది.

కంపెనీ స్ప్రింగు మళ్లీ వేయించడానికి వెళ్తే షాపులో రిపేరు చేసే పెద్దాయన ముందు స్లైడ్ విప్పి, గాడిలో వేలు పెట్టి, ఆ బూడిద రంగు జిడ్డు నాకు చూపించాడు. "ఏమబ్బీ, దుమ్ము నువ్వు పోసి తప్పు స్ప్రింగు మీదికి తోస్తావా?" అన్నాడు. శుభ్రం చేసి, పలుచటి నూనె చుక్కలు రెండు వేసి, పాత స్ప్రింగే పెట్టాడు. ఆ తర్వాత 50 తూటాలు కాల్చాను, ఒక్కటీ ఆగలేదు.

అలాగని కంపెనీ స్ప్రింగు జీవితాంతం పనిచేస్తుందని అనను. అది అరిగే సామాను, బండికి బ్రేక్ షూ లాంటిది. 2023లో శుభ్రమైన పిస్టల్‌లో కూడా స్లైడ్ మందకొడిగా రావడం గమనించాను, షెల్స్ మునుపటికంటే దూరం పడుతున్నాయి. అదే మోడల్ కొత్త స్ప్రింగు తెప్పించి పక్కన పెట్టి చూస్తే పాతది 6 మిల్లీమీటర్లు పొట్టి అయింది. అప్పుడు మార్పించాను, అదే బలమున్న కంపెనీదే. నా ఓటు దానికే.

ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలు కూడా ఆయుధాల లెక్కలోకే వస్తాయి. ఆన్‌లైన్‌లో విదేశీ స్ప్రింగు కనిపించిందని ఆర్డర్ పెట్టకండి. లైసెన్సున్న డీలరు దగ్గరే చేయించుకుని బిల్లు దాచుకోండి. విప్పే ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి.

స్ప్రింగు వంగకుండా పట్టే గైడ్ రాడ్‌ను స్టీల్‌ది వేయించాలా అని మా మేనమామ అడిగాడు. నా పిస్టల్‌లో స్ప్రింగు బ్యారెల్ చుట్టూ ఉంటుంది, రాడ్ లేదు. ఆయనదాంట్లో బ్యారెల్ కింద ప్లాస్టిక్ రాడ్ ఉంది. అది విరగనంతవరకు మార్చొద్దని చెప్పాను. స్టీల్‌ది వేస్తే ముందు భాగం కొంచెం బరువెక్కుతుంది తప్ప స్ప్రింగు పని మారదు. అయినా నమ్మకం కుదరక మొన్న ఆదివారం ఆయన పిస్టల్ నా ముందే విప్పాడు. స్ప్రింగూ బాగుంది, రాడ్డూ బాగుంది. మ్యాగజైన్ తిరగేసి తడితే మాత్రం పరిచిన తెల్ల గుడ్డ మీద చిటికెడు బండల దుమ్ము రాలింది.